పడవ అంచు మీద రెండు దెబ్బలు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే "ఆ రోజు ఏం తిన్నారు?" అని అడిగే రకాన్ని నేను. ధైర్యం ఎక్కువై కాదు, అలాంటివి లేవని నా గట్టి నమ్మకం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. తప్పు ఎక్కడుందో వెతకడమే పని. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా రెండేళ్ళుగా వెతుకుతున్నాను. దొరకలేదు.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. నేను చనిపోయిన మనిషిని చూసి కుళ్ళుకున్నాను.

మా ఇద్దరికీ ఇది రెండో పెళ్ళి. నాకు విడాకులయ్యాయి. మా ఆయన శేఖర్ మొదటి భార్య మాధవి జబ్బు చేసి పోయింది. నేను ఆవిడను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఈ మంచు దేశంలో, మార్కమ్ ఊళ్ళోని ఆ ఇంట్లో అడుగు పెట్టిన రోజు నుంచి ముగ్గురం కాపురం చేస్తున్నట్టే ఉండేది. ఫోటోలు ఆయనే తీసి లోపల పెట్టేశారు, పాపం. గరాజ్ కప్పుకి తాళ్ళతో వేలాడదీసిన కానో మాత్రం అలాగే ఉంది.

కానో అంటే సన్నటి పడవ. ముందొకరు, వెనకొకరు, చెరో తెడ్డు. మాది పాతది, అంచులు చెక్కవి. అందులో ముందు సీటు మాధవిది. గోడ మేకుకి వేలాడే చెక్క తెడ్డు కూడా ఆవిడదే. పట్టుకునే చోట అరిగి నున్నగా మెరిసేది. కారు పెట్టిన ప్రతిసారీ హెడ్‌లైట్లు సరిగ్గా దాని మీదే పడేవి.

ఒకసారి ఇక్కడి తెలుగువాళ్ళం తలా ఒక వంట తెచ్చుకుని కలిసే పాట్‌లక్‌లో ఒక ఆంటీ, "మాధవి అయితేనా, ఐస్ కరగ్గానే నీళ్ళలో ఉండేదమ్మా. నువ్వేంటి, జూన్ వచ్చినా జాకెట్ వదలవు!" అని నవ్వారు. నేనూ నవ్వాను. లోపల ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఆ తెడ్డు తీసుకెళ్ళి పాత సామాన్ల దుకాణంలో ఇచ్చేశాను. ఆయనది కూడా ఇచ్చేశాను, అదొక్కటీ ఉంటే దాని జంట గుర్తొస్తుందని. వచ్చే దారిలో రెండు కొత్తవి కొన్నాను. అల్యూమినియం గొట్టం, ప్లాస్టిక్ రెక్క. సాయంత్రం ఆయన ఖాళీ మేకుల వైపు చూశారు. కొత్త తెడ్డు చేతిలోకి తీసుకుని, "తేలిగ్గా ఉంది," అన్నారు. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ ఏడాది చలికాలం చలికాలంలాగే లేదు. మంచు తీసే పారతో నాలుగుసార్లు కూడా పని పడలేదు. మార్చి చివరికే ఉత్తరాన సరస్సుల్లో ఐస్ పోయిందని విని నేనే పట్టుబట్టాను. ఈ ఆదివారమే వెళ్ళాలి, ముందు సీట్లో నేను కూర్చోవాలి. నీళ్ళు ఇంకా చల్లగా ఉంటాయి, మే దాకా ఆగుదామని ఆయన నచ్చజెప్పబోయారు.

"మాధవి ఆగేదా?" అన్నాను. ఆయన ముందు ఆ పేరు ఎత్తడం అదే మొదటిసారి. ఆయన వెళ్ళి కానో తాళ్ళు విప్పారు.

రెండు గంటల డ్రైవ్. మేం చేరేసరికి పొద్దున్న పది దాటింది. ఎండ బాగా కాస్తోంది. చెట్ల నీడలో అక్కడక్కడా మురికి మంచు మిగిలి ఉంది. సరస్సు మీద మేం తప్ప నరమానవుడు లేడు. చెయ్యి ముంచి చూస్తే ఎముక దాకా లాగింది. గట్టు వెంబడే వెళ్దాం, మధ్యకి వద్దు అని ఆయన షరతు పెట్టారు. లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. నేను ఫోన్‌ని జాకెట్‌కి ఛాతీ దగ్గర బిగించి వీడియో ఆన్ చేశాను, స్టేటస్ పెట్టుకోవడానికి. ఆ ఆంటీ చూడాలి కదా!

అరగంట హాయిగా సాగింది. అప్పుడు ఆయన అవతలి గట్టు మీద ఒక పెద్ద నల్లరాతి బండ చూపించారు. ఆఖరి ఏడాది మాధవి అక్కడిదాకా వెళ్దామని ముచ్చటపడిందట, ఓపిక చాల్లేదట. ఇంకేముంది! అక్కడికి వెళ్ళాల్సిందే అన్నాను. ఆవిడ అడుగు పెట్టని చోటు ఒక్కటైనా నాకు కావాలి. ఆయన వద్దు వద్దంటూనే పడవని సరస్సులోకి మళ్ళించారు.

గట్టు వదిలి కొంత దూరం వెళ్ళాక నా కుడి మోకాలి పక్కన, పడవ అంచు మీద, టక్ టక్‌మని రెండు దెబ్బలు వినిపించాయి. చెక్కని చెక్కతో కొట్టిన చప్పుడు. ఆయనే ఏదో చేశారనుకున్నాను. నేను వెనక్కి చూసేలోపే పడవ గట్టు వైపు తిరిగిపోయింది.

ఎందుకు తిప్పారని అరిచాను. ఆయన వంగి తెడ్డు వేస్తూనే ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ బండ కూడా ఆవిడ కోసమే దాచుకున్నారనుకున్నాను. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను.

గట్టు చేరి పడవ పైకి లాగుతుండగా గాలి మారింది. ఉత్తరం నుంచి ఒక్కసారిగా విరుచుకుపడింది. చూస్తుండగానే సరస్సు మధ్యంతా తెల్లటి నురగలతో అలలు లేచాయి. తిరగకుండా ఉంటే సరిగ్గా అప్పటికి మేం ఉండాల్సింది అక్కడే. అంత చల్లటి నీళ్ళలో పడితే కొద్ది నిమిషాల్లో చేతులు బిగుసుకుపోతాయి. ఈత వచ్చినా లాభం లేదు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నువ్వు కొట్టకపోతే పోయేవాళ్ళం," అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. ముందు కూర్చున్న మనిషికి ప్రమాదం అనిపిస్తే పడవ అంచు మీద రెండు దెబ్బలు కొట్టాలి. వెనకున్న మనిషి ఎందుకని అడక్కుండా గట్టుకి తిప్పెయ్యాలి. అది వాళ్ళిద్దరూ పెట్టుకున్న పద్ధతి. "నీకు నేనెప్పుడూ చెప్పలేదే. ఎవరు చెప్పారు?" అన్నారు.

నేను కొట్టలేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? ఆ ముందు సీటు శాశ్వతంగా ఆవిడదే అవుతుంది. నా ప్రాణం కూడా ఆవిడ పెట్టిన భిక్ష అవుతుంది.

"ఒకరు చెప్పాలా? నాకే తోచింది," అన్నాను.

ఆయన ఆ రాళ్ళ మీదే కూలబడి ఏడ్చారు. నా చెయ్యి వదల్లేదు. నిజం చెప్పాలంటే మా కాపురం ఆ రోజే మొదలైంది. ఇప్పుడు ప్రతి పాట్‌లక్‌లోనూ ఆయనే చెబుతారు, "మా సుజాత లేకపోతే ఈపాటికి నా ఫోటోకి దండ పడేది," అని. ఆ ఆంటీ కూడా మెచ్చుకున్నారు. నేను తలూపుతూ కూర్చుంటాను.

వీడియో మాత్రం ఎవరికీ చూపించలేదు. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దెబ్బలు స్పష్టంగా వినిపిస్తాయి. ఆ క్షణాన నా రెండు చేతులూ తెడ్డు మీద ఉన్నాయి, తెడ్డు నీళ్ళలో ఉంది. నీళ్ళలో తేలే మొద్దు ఏదైనా తగిలిందా అంటే, అది పడవ అడుగుకో పక్కకో తగలాలి గానీ పైన అంచుకి తగలదు. ఆయన లేనప్పుడు గరాజ్ తలుపు వేసుకుని నా తెడ్డుతో అదే అంచు మీద కొట్టి చూశాను. రెక్కతో కొడితే టప్పుమంటుంది. గొట్టంతో కొడితే రేకు మోత. ఆ చెక్క చప్పుడు రానే రాదు. ఆ రోజు పడవలో చెక్క తెడ్డే లేదు. దాన్ని వదిలించుకున్నది నేనే కదా. ఉండబట్టలేక ఆ దుకాణానికి కూడా వెళ్ళి అడిగాను. ఎప్పుడో అమ్ముడుపోయిందన్నారు.

ఈసారి కూడా చలికాలం పైపైనే వెళ్ళిపోయింది. మొన్న శనివారం ఆయన కానో దింపి తుడుస్తున్నారు. నేను ముందు సీటు పక్కన నిలబడి, నా తెడ్డుతో అంచు మీద రెండుసార్లు కొట్టాను. "గట్టిగానే వినిపిస్తోందిగా?" అని అడిగాను.

ఆయన తల ఎత్తలేదు. గుడ్డ పిండుతూ, "నువ్వు కొట్టక్కర్లేదులే. ముందు కూర్చో, చాలు," అన్నారు.

ఆయనకీ చెవులున్నాయి. చెక్క చప్పుడేదో ప్లాస్టిక్ చప్పుడేదో తెలియని మనిషి కాదు. ఎప్పటి నుంచి తెలుసని అడిగే ధైర్యం నాకు లేదు. ఆ దెబ్బలు ఎవరు కొట్టారో, ఎలా కొట్టారో ఇప్పటికీ చెప్పలేను. దెయ్యాలున్నాయని ఇప్పటికీ ఒప్పుకోను.

ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. నాకు భయం లేదు. కుళ్ళు మాత్రం ఇంకా పోలేదు. ఒకవేళ ఆవిడే అయితే, ఆ రోజు ఆయన్ని ఒక్కరినే కాపాడుకుందా, నన్ను కూడా కాపాడిందా అన్నది నాకు తెలియాలి.