దేవవ్వ అడిగిన పర్ద

చొప్పదండి అవతల ఒక ఊళ్ళో సర్కారు దవాఖాన ఉండేది. దేవవ్వ అందులో ఆయా. నిజాం కాలంలో కొలువులో చేరింది. ఆ తర్వాత సర్కార్లు మారాయి, బోర్డు మీద రాత మారింది, ఆమె చేతిలో చీపురు మాత్రం మారలేదు.

ఆ దవాఖానలో దాపరికమంటూ ఉంటే మందు సీసాలకే ఉండేది. ఏ సీసాలో ఏముందో ఎవరికీ తెలియదు. రోగాలు మాత్రం ఊరందరివీ. డాక్టరు గదికి తలుపు లేదు, పరీక్ష చేసే బల్ల వరండాకు ఎదురుగానే ఉండేది. కాంపౌండరు హనుమండ్లు గుమ్మంలో నిలబడి, "తెల్లబట్ట అయితున్నామె ఎవలు? ముందలికి రా!" అని గొంతు చించుకునేవాడు. దగ్గు మందుకు వచ్చినవాళ్ళు కూడా ఊరి ముచ్చట్లన్నీ మూటగట్టుకుని పోయేవారు.

బీడీలు చుట్టే లస్మవ్వ రొమ్ములో గడ్డతో వచ్చింది. రవిక ముడి మీద చెయ్యి పెట్టింది, వరండా నిండా సాగిన మెడల్ని చూసింది, విప్పకుండానే లేచిపోయింది. "గీ వయసుల సిగ్గేందే?" అని డాక్టరు నవ్వాడు. దేవవ్వకు ఒళ్ళు మండింది. ఆమె సొంత చెల్లెలు అటువంటి గడ్డనే ఎవరికీ చూపించక, దానితోనే చచ్చిపోయింది.

"సారూ, బల్ల సుట్టు ఓ పర్ద కట్టియ్యుండ్రి" అని దేవవ్వ పట్టుబట్టింది. డాక్టరు పీడ వదిలించుకోవడానికి సరేనన్నాడు. గుమాస్తా చాంద్‌పాషా పై ఆఫీసుకు కాగితం రాశాడు: దవాఖానలో ఆడవాళ్ళకు పర్దా కావాలి.

మూడు నెలలకు జవాబు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. పై ఆఫీసులో దొర కూడా ఇక్కడి మాటకు కొత్తే. "పర్దా అనునది కాలము చెల్లిన ఆచారము. ప్రభుత్వము దీనిని ప్రోత్సహించజాలదు. స్త్రీలకు నచ్చజెప్పి మాన్పించవలెను."

చాంద్‌పాషా తల పట్టుకున్నాడు. "నేను బట్ట అడిగిన దేవవ్వా. ఆయన గోషా అనుకున్నడు!"

ఈసారి వివరంగా, ఎనిమిది గజాల గుడ్డ అని రాశాడు. ఈలోగా లస్మవ్వ మళ్ళీ వచ్చి, మళ్ళీ ఆ మెడల్ని చూసి వెళ్ళిపోయింది. "జర ఓపిక పట్టు, పర్ద వస్తది" అని దేవవ్వ వెనకాల కేకేసి చెప్పింది. ఇంకో నాలుగు నెలలకు జవాబు దిగింది: గుడ్డ రంగు తెలుపలేదు.

ఆ కాగితం వచ్చిన వారానికే లస్మవ్వ మూడోసారి వచ్చింది. రవిక మీద తడి మరక. దేవవ్వ చీపురు విసిరికొట్టి వరండాలోకి నడిచింది.

"ఆడోళ్ళంత లెవ్వుండ్రి! లోపలికి రాండ్రి!"

తమాషా దగ్గర్నుంచి చూడొచ్చనుకుని పదిమందీ ఎగబడి వచ్చారు. దేవవ్వ లస్మవ్వను బల్ల మీద కూర్చోబెట్టి, వాళ్ళను చుట్టూ నిలబెట్టింది. "ఇగ అటు తిరుగుండ్రి. ఒకరి కొంగొకరు పట్టుకోండ్రి." ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా రామవ్వ అనే ముసలామె తిరిగింది. తర్వాత అందరూ తిరిగారు. ఆ తోపులాటలో హనుమండ్లు ఎప్పుడో గుమ్మం బయటికి పోయాడు.

"గిదేంది దేవవ్వా?" అన్నాడు డాక్టరు.

"పర్ద సారూ. మంజూరయింది."

డాక్టరు లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. లస్మవ్వ ముడి విప్పింది. ఆయన చాలాసేపు చూశాడు. ఆ గదిలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. "గడ్డ శాన పెరిగిందమ్మా. ముందే జూపియ్యాల్సి ఉండె. చీటీ రాసిస్త, రేపే పట్నం పో."

దేవవ్వ ఆమెను గేటు దాకా నడిపించింది. ఏడు నెలలు చేతులు ముడుచుకు కూర్చున్న పై ఆఫీసును దారి పొడుగునా దుమ్మెత్తిపోసింది. లస్మవ్వ చీటీని కొంగున ముడేసుకుంటూ అంతా విన్నది.

"అక్కా, నేను మొదలు వచ్చిననాడు గూడ గీ ఆడోళ్ళు ఉండిరి గద" అన్నది మెల్లగా. "ఆనాడే అటు తిరుగుమని ఎందుకనకపోతివి?"