వంచి కట్టిన చెయ్యి

మా ఆస్పత్రి డ్రైవరు ఆంజనేయులు ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంగి ఉండేది. చాపితే సాగదు, ముడిస్తే ముడుచుకోదు. దూలానికి కొట్టిన కొక్కెంలా ఎప్పుడూ ఒకటే వంపు. ఆ చెయ్యికి జరిగిన అన్యాయం నేను దగ్గరుండి చూశాను కనక నేనే చెప్పాలి. నా పేరు సవరమ్మ. నూజివీడులో డాక్టర్ భానుమూర్తి గారి ఆస్పత్రిలో నర్సుని. నా నోరు మంచిది కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఈ సంగతి చెప్పేటప్పుడు అది మంచిగా ఉండాలని నేను అనుకోవడం లేదు కూడా.

ఆంజనేయులుది ముసునూరు పక్కన పల్లె. చిన్నప్పుడు మామిడికాయ కోతకి చెట్టెక్కి, కొమ్మ విరిగి పడ్డాడు. మోచెయ్యి నుజ్జయింది. తోటల్లో అప్పట్లో కట్టు కట్టేవాడు ఒక మాట అడిగేవాడు. కీలు ఇక కదలదని తెలిస్తే, "చాచి కట్టమంటారా, వంచి కట్టమంటారా?" అని ఇంటివాళ్ళనే అడిగేవాడు. చూసేవాళ్ళకి బాగుండాలనుకున్న వాళ్ళు చాచి కట్టించుకునేవాళ్ళు. తోటపని చేసుకు బతికేవాళ్ళు వంచి కట్టించుకునేవాళ్ళు. నెత్తిమీద బుట్ట అంచు పట్టుకోవాలన్నా, పిల్లని చంకనెత్తుకోవాలన్నా చెయ్యి వంగి ఉండాలి కదా. ఆంజనేయులు తల్లి ఆలోచించకుండా "వంచే కట్టు నాయనా" అంది.

ఆ వంపుతోనే అతను పెరిగాడు, బుట్టలు మోశాడు, దుర్గని పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత డాక్టరుగారి కారు కడగడానికి కుదిరి, కడుగుతూ కడుగుతూ నడపడం నేర్చేసుకున్నాడు. పాత ఫియట్ అది. గేరు స్టీరింగ్ కిందనే హ్యాండిల్‌లా ఉండేది. ఆంజనేయులు సీట్లో కూర్చుంటే ఆ వంకర చెయ్యి సరిగ్గా ఆ హ్యాండిల్ దగ్గరికే వచ్చేది. భుజం కాస్త ఆడిస్తే చాలు, గేరు పడేది. ఒంటిమీద ఖాకీ ఫుల్‌చేతుల చొక్కా. ఆ కారెక్కినవాళ్ళెవరికీ ఆ చెయ్యి సంగతి తెలియలేదు.

డాక్టరుకే తెలియలేదు. ఎముకలు విరిగితే మైలవరం నుంచి కూడా ఈయన దగ్గరికే మోసుకొచ్చేవారు. అంత పేరున్న మనిషి ఏళ్ళ తరబడి డ్రైవరు వెనకసీట్లో కూర్చుని అతని మెడ తప్ప ఇంకేమీ చూడలేదు. జీతం తీసుకునేవాళ్ళకి కీళ్ళుంటాయని ఆయనకి తోచలేదేమో.

ఎనభయ్యైదులోనో, ఎనభయ్యారులోనో ఆయనకి స్పీడు పిచ్చి పట్టింది. కారు మద్రాసు పంపించి, రేసుబళ్ళు తయారుచేసేవాళ్ళ చేత ఇంజను విప్పించి, రెండు కార్బొరేటర్లు పెట్టించుకొచ్చాడు. అది గేటు దగ్గర స్టార్టయితే, లోపల ఆపరేషనయిన వాళ్ళు కుట్లు పట్టుకుని లేచి కూర్చునేవాళ్ళు. ఊళ్ళో మామిడి వ్యాపారి చలపతిరావుకి కూడా అలాంటి కారొకటి ఉండేది. ఇద్దరూ పైకి "ఏమండీ, బాగున్నారా" అనుకునేవారు గానీ, రోడ్డెక్కితే ఒకరి దుమ్ము ఒకరు తినేవాళ్ళు కాదు.

బెజవాడ మెకానిక్కు వచ్చి కారు చూసి, వరండాలో కాఫీ తాగుతూ అన్నాడు. "ఇంజను ఇంత లాగుతుంటే ఈ గేరుబాక్సు అందుకోలేదండి. కొత్త గేరుబాక్సు వేయించి, గేరు రాడ్డు కిందకి దింపేద్దాం. నేల గేరు చకచకా పడుద్ది. ముందున్న ఈ బెంచీ సీటు తీసి, రెండు సీట్లు విడివిడిగా పెట్టేస్తే రేసుకారే అనుకోండి."

డాక్టరు గడ్డం రుద్దుకున్నాడు. పక్కనే నిలబడ్డ ఆంజనేయుల్ని "ఏరా, నువ్వేమంటావు?" అని అడిగాడు.

నేను మందుల అలమర సర్దుతూ అటే చూస్తున్నాను. అతని మొహంలో నెత్తురు లేదు.

"ఇదే బాగుందండి బాబుగారూ. నేల గేరు కాడ వేడి ఎక్కువండి. దుమ్మొస్తదండి. అమ్మగారికి పడదండి." ఒక్క నిమిషంలో నోటికొచ్చిన కారణాలన్నీ చెప్పేశాడు. అసలు కారణం ఒక్కటే చెప్పలేదు. నేల గేరు వస్తే ఆ వంకర చెయ్యి దాన్ని అందుకోలేదు. అందుకోకపోతే స్టీరింగ్ పోతుంది. స్టీరింగ్ పోతే మళ్ళీ తోట, మళ్ళీ బుట్ట.

"వీడికి కొత్తది నేర్చుకోవాలంటే బద్ధకం," అన్నాడు డాక్టరు. అయినా తేల్చలేదు. కొన్నాళ్ళు వేయిద్దామా వద్దా అని కనిపించినవాళ్ళందరినీ అడిగాడు. పేషెంటు నాలుక చూస్తూ గేరుబాక్సు గురించి మాట్లాడేవాడు. ఆంజనేయులు మాత్రం కారుని పూటకి రెండుసార్లు తుడిచేవాడు. హ్యాండిల్ గేరు ఎంత మెత్తగా పడుతోందో చూపించాలని, వేలితో వెన్న తీసినంత సుతారంగా వేసేవాడు. చూస్తే నాకు జాలేసేది, ఒళ్ళూ మండేది.

ఒక ఆదివారం బెజవాడ వెళ్తుంటే ఆగిరిపల్లి దాటాక చలపతిరావు కారు వెనకనుంచి వచ్చి వీళ్ళని దాటి పోయింది. పోతూ పోతూ చెయ్యి ఊపాడట. అంతే, డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. గేరు ఆలస్యంగా పడడం వల్లే దాటాడని తీర్మానించి, ఆ వారంలోనే కారు మెకానిక్కుకి అప్పగించాడు. హ్యాండిల్ గేరూ, పాత గేరుబాక్సూ, పాత సీటూ విప్పించి, గోనెపట్టాలో చుట్టి షెడ్డులో పెట్టించాడు. ఎప్పుడైనా పనికొస్తాయని.

కొత్త గేరుతో కారొచ్చిన రోజు వరండాలో చుట్టాలున్నారు. "నడిపి చూపించరా," అన్నాడు డాక్టరు. ఆంజనేయులు కూర్చున్నాడు. చెయ్యి గేరు రాడ్డుకి పైనే ఆగిపోయింది. పక్కకి ఒరిగాడు. ఇంకా ఒరిగాడు. చెయ్యి రాడ్డుకి తగిలేసరికి తల డాష్‌బోర్డు కిందకి పోయింది. రోడ్డు కాదు కదా, గేటు కూడా కనిపించదు.

"ఏంట్రా, గేరు వేస్తున్నావా, దణ్ణం పెడుతున్నావా?" అన్నాడు డాక్టరు. చుట్టాలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ చేశాడు. అప్పుడు డాక్టరు దిగొచ్చి, చొక్కా చెయ్యి పైకి లాగి, ఆ మోచెయ్యి మొదటిసారి చూశాడు.

"ఏ గాడిద కట్టాడ్రా ఇది? చాచి కట్టాల్సింది వంచి కట్టాడు." అటూ ఇటూ తిప్పి, చుట్టాల వైపు తిరిగి, "దీన్ని నేను సరిచేస్తాను. పైసా తీసుకోను," అన్నాడు. చుట్టాలు ఎంత మంచి మనసండీ అన్నారు. నేల గేరు అందుకోలేని డ్రైవరు ఇక అక్కర్లేదని కూడా అదే నోటితో చెప్పాడు.

సాయంత్రం ఆంజనేయులు నా దగ్గరికొచ్చాడు. వెనక దుర్గ.

"సిస్టరు గారండీ, చేయించుకోమంటారా?"

"వద్దు," అన్నాను. "ఎముక అతుక్కుపోయిన కీలు అది. విరగ్గొడితే మళ్ళీ ఎలా అతుక్కుంటుందో ఈయనకి తెలీదు. ఆ వంపే నీకు అన్నం పెడుతోంది."

"మా అత్త తెలిసే కదా వంచి కట్టించింది," అంది దుర్గ.

"నోర్ముయ్యవే," అని ఆమెని కసిరాడు. నాతో నెమ్మదిగా, "స్టీరింగ్ పట్టుకున్నోణ్ణి సిస్టరు గారండీ. మళ్ళీ బుట్ట మొయ్యలేనండి. సిగ్గండి," అన్నాడు.

నేను డాక్టరు దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పాను. "నువ్వు నర్సువా, సర్జన్‌వా?" అన్నాడాయన. ఇంకో మాటంటే నాకూ గేటు చూపించేవాడే. అయినా అన్నాను. వినిపించుకోలేదు.

ఆపరేషను అయింది. కట్టు విప్పిన రోజు చెయ్యి తిన్నగా, చక్కగా, చీపురుకర్రలా బయటికొచ్చింది. డాక్టరు మురిసిపోయాడు. "చూశావా సవరమ్మా, ఎంత తిన్నగా వచ్చిందో. ఏదీ, వంచరా."

వంగలేదు. డాక్టరు రెండు చేతులతో పట్టుకుని వంచాడు. ఆంజనేయులు పెట్టిన కేక వీధి చివర సోడా కొట్టు దాకా వినిపించిందట. "మెల్లగా అదే వస్తుంది," అని చేతులు కడుక్కున్నాడు డాక్టరు. అది రాలేదు. వారాలు గడిచినా, నేను రోజూ వేడినీళ్ళ కాపడం పెట్టినా రాలేదు.

అలాగే కార్లో కూర్చోబెట్టారు. అరచెయ్యి సరిగ్గా గేరు రాడ్డు మీదే వాలింది. ఆ ఒక్క క్షణం అతని మొహం వెలిగిపోయింది, నేను చూశాను. ముందుకి తోశాడు, మొదటి గేరు పడింది. రెండో గేరుకి వెనక్కి లాగాలి. మోచెయ్యి మడవకుండా లాగడం ఎలా? ఒళ్ళంతా వెనక్కి విరుచుకున్నాడు. బండి మొదటి గేరులోనే అరుచుకుంటూ గేటు దాకా పోయి ఆగిపోయింది.

"ఫస్టు గేరు డ్రైవరువిరా నువ్వు," అన్నాడు డాక్టరు. మర్నాడే బెజవాడ నుంచి కొత్త డ్రైవరు దిగాడు. ఆంజనేయుల్ని గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. బుట్ట మొయ్యడానికి కూడా పనికిరాకుండా పోయాడు. చొక్కా గుండీలు దుర్గ పెట్టాలి, లుంగీ దుర్గ ముడెయ్యాలి. పొద్దున్నే గేటు బయట నిలబెట్టి భార్య లుంగీ బిగిస్తుంటే, అతను ఆ కర్రచెయ్యి పక్కకి పట్టుకుని రోడ్డు వైపు చూసేవాడు. వచ్చేపోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళ నోళ్ళు పడిపోను.

మళ్ళీ మామిడిపళ్ళ కాలం వచ్చింది. తమ తోటలో మొదటి కోత రసాలు బుట్టకెత్తించి బెజవాడలో తన అన్నగారింటికి పంపడం డాక్టరు భార్య హైమవతమ్మ గారికి రివాజు. డిక్కీలో పెడితే ఎండకి ఉడికిపోతాయని ఆ బుట్ట ఎప్పుడూ ముందుసీట్లో, డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళేది. ఇప్పుడు ఆ చోట గేరు రాడ్డూ, ఒక్క మనిషికే సరిపోయే గుంట సీటూ ఉన్నాయి. ఇరికించి పెడితే దారిలో ఒరిగి, సగం పళ్ళు చితికిపోయాయి. వదినగారు "ఈ ఏడు రసం మీరే తీసి పంపారా?" అన్నదట.

ఆవిడ ఇంటికొచ్చి మొగుడితో ఒక్కటే మాటంది. "పళ్ళబుట్టకి చోటు లేని కారు నాకొద్దు. ఆ దిక్కుమాలిన రాడ్డు తీయించండి."

చలపతిరావు అప్పటికే తన కారు అమ్మేశాడు. పోటీకి మనిషి లేడు. డాక్టరు నసగనైనా నసగలేదు. మెకానిక్కుని పిలిపించాడు. షెడ్డులో గోనెపట్టా విప్పారు. లోపల గేరు హ్యాండిలూ, గేరుబాక్సూ, పాత సీటూ ఎక్కడివక్కడ భద్రంగా ఉన్నాయి. ఒక్క నట్టు పోలేదు. పొద్దుగూకే లోపల కారు మళ్ళీ పాత కారులా తయారైంది. పళ్ళబుట్ట ముందుసీట్లో దర్జాగా కూర్చుంది.

ఆంజనేయులు గేటు వదిలేసి వచ్చి ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. మెకానిక్కు స్టీరింగ్ కింద హ్యాండిల్‌ని ఆఖరిసారి బిగించి చూస్తుంటే, ఆ చెయ్యి దానివైపు లేచింది. తిన్నగా లేచింది. కిటికీలోంచి లోపలికి పోయి, హ్యాండిల్ దాటి, బుట్టకి తగిలింది.

"చెయ్యి తియ్యరా, పళ్ళు," అంది హైమవతమ్మ గారు.

అతను చెయ్యి తీసుకుని డాక్టరు వైపు తిరిగాడు.

"బాబుగారూ, గేరు పాత పద్ధతిలో పెట్టించేశారు కదండీ. నా చెయ్యి కూడా పాత పద్ధతిలో పెట్టించెయ్యండి."

డాక్టరు పెద్దగా నవ్వాడు. మెకానిక్కు నవ్వాడు. "వీడికి హాస్యం కూడా వచ్చునే," అని హైమవతమ్మ గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మాట డాక్టరు తర్వాత చుట్టాలందరికీ చెప్పి నవ్వించాడు.

ఆంజనేయులు నవ్వలేదు. జవాబు కోసం కారు పక్కనే నిలబడ్డాడు.