జాతర వేషమా, జబ్బా

కోర్టులో పిచ్చి డాక్టరుని రెండే మాటలు అడుగుతారు. నేరం చేసినప్పుడు ఆ మనిషికి తానేం చేస్తున్నాడో తెలుసా, అది తప్పని తెలుసా. తెలుసంటే శిక్ష, తెలియదంటే నిర్దోషి. మధ్యలో ఇంకేదైనా చెప్పబోతే ప్లీడరు గారు "అవునా కాదా, అంతవరకే చెప్పండి" అని కసురుతారు. ఎనభైల్లో తిరుపతి ఆసుపత్రిలో మానసిక వైద్యుడిగా ఉన్నన్నాళ్ళూ ఇలాంటి సాక్ష్యాలకు చిత్తూరు సెషన్స్ కోర్టుకి బస్సెక్కి పోతూ ఉండేవాణ్ణి. చాలా కేసులు మర్చిపోయాను. టైలరు కేసు మాత్రం మర్చిపోలేదు.

అతను మా ఊరివాడే. ముప్పై దాటాయి, పెళ్ళి కాలేదు, ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే. వీధివైపు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేవాడు. పక్కిల్లు సైకిలు షాపాయనది. ఇద్దరూ చిన్నప్పట్నుంచీ జతగాళ్ళు. గంగమ్మ జాతర వారంలో ఒక పొద్దున టైలరు బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఆ జతగాడి తల మీద కొట్టాడు. ఆయన అక్కడికక్కడే పోయాడు.

తిరుపతిలో పుట్టనివాళ్ళకు ఇక్కడొక సంగతి చెప్పాలి. మా జాతరలో మగవాళ్ళు రోజుకో వేషం వేస్తారు. ఒకరోజు నామం సుద్ద, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గు మసి, ఒకరోజు గంధం, ఆ తర్వాత చీర కట్టి ఆడవేషం. వేషంలో ఉన్నవాడు వీధిలో ఎవర్నైనా సరే నోటికొచ్చిన బూతులు తిట్టొచ్చు. తిట్లు తిన్నవాళ్ళు కోప్పడకూడదు, అది అమ్మవారి దీవెన. నేనూ చిన్నప్పుడు ఒళ్ళంతా మసి పూసుకుని మా లెక్కల అయ్యవారిని కడుపారా తిట్టి వచ్చినవాణ్ణే. ఆ రోజు కలిగిన సంతోషం నాకు మెడిసిన్ సీటు వచ్చిన రోజు కూడా కలగలేదు.

టైలరు జాతర చాటింపుకి ముందే మసి పూసుకున్నాడు. బొగ్గులకేం కొదవ, ఇస్త్రీ పెట్టెలో ఉండనే ఉన్నాయి. నిద్ర మానేశాడు, వీధిలో నిలబడి తిట్టడం మొదలుపెట్టాడు. చాటింపు అయింది. కుంకుమ రోజూ అదే మసి, గంధం రోజూ అదే మసి. ఎవరికీ అనుమానం రాలేదు. ఏదో పెద్ద మొక్కే మొక్కుకున్నాడనుకుని ఆడవాళ్ళు కాళ్ళకు పసుపునీళ్ళు పోసి హారతిచ్చారు. ఇంకే ఊరైనా అయివుంటే మొదటిరోజే పట్టుకుని ఆసుపత్రికి తెచ్చేవాళ్ళు. మా ఊరు దండం పెట్టింది. సైకిలు షాపాయన కూడా తిట్లన్నీ తిని, "ఇంకో రెండు తిట్టబ్బా, పుణ్యమొస్తాది" అని నవ్వాడట. ఆ నవ్వు ఆగకముందే దెబ్బ పడింది.

జైలు నుంచి అతన్ని పోలీసు కాపలాతో మా వార్డుకి పంపారు. మొదట్లో నోరు విప్పలేదు. ఒకరోజు నేనే వేషాల సంగతి ఎత్తి, ఏ రోజు ఏది పూస్తారో చెప్పమన్నాను. అతను నావైపు జాలిగా చూశాడు.

"నీకూ తెల్దా సార్? నేనేడ వేషమేసినా? ఊరంతా ఏసుకోనుండారు. నా జతగాని వేషమేసుకోని ఎవుడో అంగట్లో కూసోనుండాడు. మా యమ్మ వేషమేసుకోని ఎవుడో నాకు కూడు పెడతాండాడు. మావాళ్ళను యాడ దాచినార్రా అని అడిగితే నవ్వినాడు సార్. నవ్వినాడు."

మరి మసి ఎందుకు పూసుకున్నావని అడిగాను.

"నా మొగం గూడా ఎత్తుకపోతారని."

ఈ జబ్బు పుస్తకాల్లో ఉన్నదే. అయినవాళ్ళను చూసి, వీళ్ళు మావాళ్ళు కారు, మావాళ్ళలా తయారై వచ్చిన పరాయివాళ్ళు అని గట్టిగా నమ్ముతారు. ఎక్కడైనా వస్తుంది. ఇతనికి మగవాళ్ళు చీరలు కట్టుకు తిరిగే వారంలో ముదిరింది.

తల్లి రోజూ గిన్నెలో అన్నం తెచ్చేది. అతను ఆసుపత్రి అన్నం తినేవాడు గానీ అది ముట్టేవాడు కాదు. కోపంతో తినడం లేదనుకుని ఆమె గిన్నె మూతపెట్టి తీసుకుపోయేది. ఒకరోజు నా గదికొచ్చి నిలబడింది.

"సామీ, నా బిడ్డకు గంగమ్మ పూనిందని నువ్వు కోర్టులో చెప్పల్ల. పిచ్చి అనొద్దు."

"పూనకమంటే కోర్టు ఒప్పుకోదమ్మా. శిక్ష పడుతుంది. జబ్బని చెబితేనే బయటపడతాడు."

"గంగమ్మయితే జాతర అయినంక దిగిపోతాది. పిచ్చి దిగుతాదా?"

తగ్గించడానికి చూస్తామని అన్నాను. అది డాక్టర్లందరూ అనే మాటే. ఆమెకు కావలసింది ఒకటే, కొడుకు ఇంటికొచ్చి తన చేతి కూడు తినాలి.

మాత్రలకీ సూదులకీ చాలావరకు తగ్గింది. నిద్ర పట్టింది. అడిగింది అర్థం చేసుకుని జవాబిచ్చే స్థితికి వచ్చాడు కాబట్టి విచారణకు నిలబెట్టవచ్చని రాసిచ్చాను. తాను చంపింది నిజం జతగాణ్ణేనని తెలుసుకుని ఒక మధ్యాహ్నమంతా తల బాదుకుని ఏడ్చాడు. నా వృత్తిలో బాగుపడటం అంటే ఒక్కోసారి అదే. తల్లి సంగతి ఒక్కటే మారలేదు.

విచారణలో సర్కారు ప్లీడరు వాదన తెలివైనదే. రెండిళ్ళ మధ్య మురుగుకాలువ మీద పాత తగాదా ఉందట, వేషం చాటున కసి తీర్చుకున్నాడట. ముందు తల్లిని బోనెక్కించారు. "నా బిడ్డకు గంగమ్మ పూనింది" అని ఒకే మాట మీద నిలబడింది. ప్లీడరు గారికి పండగే. జాతర వేషమేనని తల్లే ఒప్పుకుంది కదా అన్నారు. తర్వాత నన్ను పట్టుకున్నారు.

"డాక్టరు గారూ, తమరూ తిరుపతివారే. ఎప్పుడైనా వేషం వేశారా?"

"వేశాను."

"బూతులు తిట్టారా?"

"బాగానే తిట్టాను."

కోర్టంతా నవ్వింది. "అప్పుడు తమరికీ పిచ్చేనా?"

నాకు ఒళ్ళు మండింది. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమంటే ఇదే. కానీ బోనులో కోపం తెచ్చుకున్న డాక్టరు మాట ఎవడూ నమ్మడు.

"ఏ రోజు ఏది పూయాలో, ఎప్పుడు కడుక్కోవాలో మాకు తెలుసు. ఇతను చాటింపు కాకముందే పూసుకున్నాడు, గంధం రోజు కూడా మసితోనే ఉన్నాడు. ఇతను వేషం వేయలేదండీ. మనమందరం వేశామనుకున్నాడు."

జడ్జి గారు రాసుకోవడం ఆపారు. "మనమందరం అంటే?"

చెప్పక తప్పలేదు. "కన్నతల్లి వేషంలో ఎవరో మగవాడు తిరుగుతున్నాడని నమ్ముతున్నాడు. ఇవాళ్టికీ అదే నమ్మకం. అందుకే ఆమె తెచ్చిన అన్నం తినడు."

వెనక బల్ల మీద ఆమె కూర్చుని ఉంది. నేను అటు చూడలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు.

తీర్పు వచ్చింది. కొట్టింది అతనే, కానీ తెలివి తప్పిన స్థితిలో కొట్టాడు, కాబట్టి నిర్దోషి. బంట్రోతు ఆ మాట చెప్పగానే తల్లి జడ్జి గారికీ నాకూ గోడకీ అందరికీ దండాలు పెట్టింది. వరండాలోకొచ్చి సంచిలోంచి ఉతికిన పంచె, చొక్కా తీసింది. కొడుకుని ఇంటికి తీసుకుపోదామని తెచ్చుకుంది. తీర్పులో రెండో ముక్క ఆమెకు తెలియదు. పిచ్చి వల్ల నిర్దోషి అయినవాణ్ణి ఇంటికి పంపరు, పిచ్చాసుపత్రిలో ఉంచుతారు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పరు. జైలుకైతే గడువన్నా ఉంటుంది.

పోలీసులు అతన్ని వ్యాను వైపు నడిపిస్తుంటే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"తప్పు లేదంటిరే సామీ, మళ్ళా యాడికి తీసకపోతాండారు?"

"విశాఖపట్నం ఆసుపత్రికమ్మా. బాగయ్యాక పంపిస్తారు."

"బాగయ్యేదంటే? నన్ను గుర్తుపట్టినంకనా?"

అవునన్నాను.

ఆమె పోయి బట్టలు కొడుకు చేతిలో పెట్టింది. రెండు చేతులతో మొహం నిమిరి గొల్లుమంది. అతను విదిలించుకోలేదు. పరాయివాళ్ళ చావుకి పలకరింపుకి పోయినవాడిలా మర్యాదగా నిలబడ్డాడు. ఆమెకు వినపడకూడదని కాబోలు, నావైపు వంగి మెల్లగా అన్నాడు.

"పాపం సార్, ఎవుడో గానీ అచ్చం మా యమ్మ మాదిరే ఏడస్తాండాడు."