ఆమె చేతి గంజి ముంత

ఆ రోజు పొద్దున నా భార్య అందించబోయిన గంజి ముంతను నేను తీసుకోలేదు. నేను చేసిన తప్పు అది.

మాది మైపాడుకు దక్షిణాన చిన్న పల్లె. అరవైల మొదట్లో నైలాను వలలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మావి ఇంకా నూలు వలలే. తెప్ప నీళ్లలోకి దిగే ముందు ఇంటి ఆడమనిషి అలల అంచుదాకా వచ్చి గంజి ముంత చేతికిచ్చేది. ఏడుపు మొహంతో ఇస్తే వేటకు కీడని పెద్దల నమ్మకం.

అంతకుముందు వానల్లో మా పసిబిడ్డ పోయింది. అప్పటినుంచి ఆమె వల బాగుచేస్తూ మధ్యలో చేతులు ఆపి సముద్రం వైపు చూస్తుండేది. పొయ్యి మీద ఎసరు ఇగిరిపోయినా తెలిసేది కాదు. నేను పలకరించేవాణ్ణి కాను. పలకరిస్తే ఏడుస్తుందని, ఆమె ఏడిస్తే నాకూ ఆగదని భయం. దాన్నే నిబ్బరం అనుకున్నాను.

ఆ పొద్దున మంచులో నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆ తెల్లదనంలోంచి ముంత పట్టుకుని ఆమె వచ్చింది. చెంపలు తడిగా ఉన్నాయి.

"ఏడుపు మొగంతో ఎదురు రాబాకని చెప్పలా? ఇంటికి పో," అన్నాను, నాతో తెప్పెక్కే మా అన్న, వదిన వింటుండగానే. వదిన అన్నకు తెచ్చిన ముంతనే అందుకున్నాను. ఆమె తన ముంతను ఇసకలో పెట్టి, వచ్చిన మంచులోకే వెళ్లిపోయింది.

సముద్రం నూనె పోసినట్టు నిశ్చలంగా ఉంది. వల నిండుగానే వచ్చింది. నాకు మాత్రం నీళ్ల మీద ఎటు చూసినా ఆ ముంతే కనిపించింది.

తిరిగొచ్చేసరికి అది అక్కడే ఉంది, సగం ఇసకలో కూరుకుపోయి. తీసుకుని ఇంటికి వెళ్లాను. ఆమె చీరలు మూట కడుతోంది.

"చేపలు పడినాయా మావా?"

"పడినాయి."

"నేను ముంత ఇయ్యకుంటేనే మంచిదన్నమాట. మా అమ్మ కాడికి పోతా."

నేను గడపలో కూలబడ్డాను. "నాకూ ఏడుపొస్తాది మే. నీళ్ల మీద ఏడుస్తా. అన్న చూడకుండా మొగం కడుక్కుంటా."

ఆమె మూట పక్కన పెట్టి నావైపు తిరిగింది. "బిడ్డ నీకు గుర్తే లేదనుకున్నా," అంది.

ఆ సాయంత్రం పొద్దు వాలేదాకా బిడ్డ గురించే చెప్పుకున్నాం. నిద్రలో ఎట్లా నవ్వేదో, పిడికిట్లో నా వేలు ఎట్లా పట్టుకునేదో. ఆమె మూట విప్పలేదు, అలాగని ఎత్తుకోనూ లేదు.

మర్నాడు పొద్దున తెప్పను నీళ్ల అంచున పట్టుకుని నిలబడ్డాను.

"గాలి మారిపోతాదిరా. ఇంకెంతసేపు?" అన్నాడు అన్న.

"నా ముంత రాలేదన్నా."

చివరికి ఆమె ముంత పట్టుకుని వచ్చింది. నన్ను చూడగానే కళ్లు నిండాయి. కొంగు ఎత్తబోయింది.

"తుడుచుకోబాక. అట్టనే ఇయ్యి," అన్నాను.

అన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. వదిన మాత్రం, "ఇయ్యి మే. వాళ్లు పోయేది ఉప్పునీళ్లలోకే గదా. ఇంకో రెండు చుక్కలు కలిస్తే ఏమవుతాది?" అంది.

నా భార్య పెదవి మీద కొద్దిగా నవ్వు కదిలింది. ఎన్నాళ్లకో.

"నిన్న నేనన్న మాట తప్పు," అని అందరికీ వినపడేటట్టు చెప్పి, ఆ ముంతను రెండు చేతులతో అందుకున్నాను.