మిట్టమీద పెండ్లిజీపు

విఘ్నములను బాపు వేలుపునకు మ్రొక్కి వ్రాయుచున్నాను.

బహుధాన్య నామ సంవత్సర మాఘ శుద్ధ దశమినాడు, పెండ్లికుమారుడైన మా అన్న కొడుకుతో కోదాడనుండి మిర్యాలగూడకు పాత టర్బో డీజిల్ జీపులో పోవుచుంటిమి. చదునుదారిలో చక్కగా నడిచిన బండి, పాలకీడు దగ్గర మిట్ట యెక్కలేక నల్లపొగ గ్రక్కుచు నిలిచెను. లగ్నము సమీపించుచుండెను.

“ఫిల్టర్ గూడ కొత్తదే ఏసిన సార్, పైకి లాగుతలేదు!” అని డ్రైవరు పరితపించెను.

అచట బస్సుకై నిలిచిన యొక ముసలమ్మ, అద్దము ప్రక్కన ఇంజనుకు గాలి పీల్చు గొట్టపు మూతిని చూచి పకపక నవ్వెను. దిష్టి తగులకుండ మా వదినగారు దానికి పసుపుగుడ్డ బిగించి కట్టియుండిరి.

“ముక్కు మూస్తే ఎద్దయినా మిట్టెక్కుతదా బిడ్డా? జర ఊపిరి పీల్చనియ్యి!”

గుడ్డ విప్పగానే జీపు ఉరికెను. ఆమెనుగూడ ఎక్కించుకొంటిమి; ఆ సంబరములో పేరడుగుట మరచితిమి.

1999 జనవరి 27న, లగ్నవేళకు, వధూవరులపై తొలి అక్షతలు ఆ ముసలమ్మయే వేసెను.