మా బావకో శత్రువు కావాలి

మా అక్క మొగుడికి ఈ భూప్రపంచంలో ఒక్కడంటే ఒక్క శత్రువు లేడు. పొగుడుతున్నాననుకునేరు, కాదు, ఇది ఫిర్యాదు. కిందటి వేసవిలో మాకో శత్రువు అర్జంటుగా కావలసి వచ్చింది. ఎంత వెతికినా దొరకలేదు.

బావ ఇక్కడ గల్ఫ్‌లో, అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో టెక్నీషియన్‌గా చేసేవాడు. తెల్లారకుండానే కంపెనీ బస్సెక్కడం, సాయంత్రం ఆ బస్సులోవాళ్ళందరి కష్టసుఖాలూ మోసుకుని ఇంటికి రావడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఫలానా బెంగాలీకి పంటినొప్పి, ఫలానా మలయాళీకి కూతురు పుట్టింది, అన్నీ మాకు చెప్పాల్సిందే. కాంట్రాక్టు ముగియగానే కంపెనీ ఖలాస్ అనేసింది. ఇక్కడ ఇంటాయన ఇఖామా, అంటే ఉండనిచ్చే పర్మిట్టు, దాని మీదే పెళ్ళాం పిల్లల ఇఖామాలు నిలబడతాయి. ఆయనది రద్దయితే ముగ్గురూ దేశం వదలాల్సిందే. పూచీ పడి పనిలో పెట్టుకునే కొత్త కఫీల్ దొరుకుతాడేమోనని బావ ఎండలో చాలా తిరిగాడు. యాభై దాటిన మనిషిని ఎవరూ పెట్టుకోలేదు.

అక్క భయమంతా కూతురి గురించే. అది ఇక్కడే పుట్టింది, పదో తరగతికొచ్చింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ రాయడం రాదు. కోనసీమకు సెలవుల్లో వెళ్ళిరావడమే తప్ప అక్కడ బతకడం దానికి తెలియదు. "అక్కడికెళ్ళి ఆయనేం చేత్తారే? దీన్నేం చదివిత్తాం?" అని అక్క నన్ను పట్టుకుని ఏడ్చేది. మాది వాళ్ళ ఎదురు ఫ్లాటే. అర్దియాలో ఒక క్లినిక్‌లో నర్సుని నేను. డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పేలోపే అక్క ఏడుపు మొదలయ్యేది.

అలాంటప్పుడు ఎవరో కెనడాలో ఉండే ఒక సలహాదారు నంబరు ఇచ్చారు. విజయవాడ మనిషే. అంతకుముందు బంధువుల పెళ్ళికని తీసుకున్న విజిటర్ వీసాలు ముగ్గురి పాస్‌పోర్టుల్లోనూ ఉన్నాయని తెలిసి ఆయన హుషారెక్కిపోయాడు. "ఇక్కడ దిగగానే ఆశ్రయం అడిగేయండి సార్. ఇండియా వెళ్తే మమ్మల్ని చంపేస్తారని చెప్పాలి. ఎవరు చంపుతారు, ఎందుకు చంపుతారు, అది మాత్రం గట్టిగా ఉండాలి. పాప చదువు ఇక్కడే అయిపోద్ది. ఛాన్సులు బాగానే ఉన్నాయి," అన్నాడు.

ఎన్నాళ్ళకో అక్క మొహం వెలిగింది. బావ మాత్రం బుర్ర గోక్కున్నాడు. "మనల్నెవరు చంపుతారే?" అన్నాడు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రిహార్సల్ పెట్టుకున్నాం. నాకు నోరెక్కువని మా ఇంట్లో పేరు, అందుకని ఆఫీసరు వేషం నాకిచ్చారు. సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. బావ కుర్చీ అంచున చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చంపేవాడిగా బావ పెదనాన్నగారబ్బాయిని ఖాయం చేశాం. ఇద్దరికీ చేలగట్టు దగ్గర పాత తగాదా ఉంది. మాకు దొరికిన ఆధారం అదొక్కటే.

"మీ అన్నయ్య మీ మీద దాడి చేశాడా?" అన్నాను.

"చేశాడండి. కర్ర పట్టుకుని ఇంటి మీదికొచ్చేశాడండి."

"శభాష్! తర్వాత?"

"తర్వాతేముందండి, మా అమ్మ అన్నం తినెళ్ళరా అంది. తినేసెళ్ళాడండి. ఆకలి మీదున్నాడు, పాపం."

పిల్ల పడీ పడీ నవ్వింది. అక్క నెత్తి కొట్టుకుంది. "ఏవండీ, మిమ్మల్ని చంపడానికొచ్చినవాణ్ణి పాపం అంటారేంటండీ? ముందు ఆ పాపం తీసెయ్యండి!"

"సరే, తీసేశాను. అడుగు మరదలు పిల్లా."

మళ్ళీ అడిగాను. ఈసారి పాపం రాలేదు గానీ, ఆ అన్నయ్య కూతురి పెళ్ళికి తను ఫోన్‌లోనే ఆశీర్వదించాననీ, వెళ్ళలేకపోయినందుకు వాళ్ళు ఇప్పటికీ నొచ్చుకుంటున్నారనీ చెప్పుకొచ్చాడు. మా వైపు మనుషులకు ఇదొక జబ్బు. ఎవడి గురించైనా నాలుగు చెడ్డ మాటలనేసరికి అయిదోదానికి మర్యాద అడ్డొస్తుంది. మా బావకు రెండోదానికే వస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు ఆశ్రయమిచ్చే దేశం ఇంకా పుట్టలేదు బావా!" అని అరిచాను. అరిచానే గానీ, ఆ కుర్చీ అంచున బిక్కమొహం వేసుకుని కూర్చున్న మనిషిని చూస్తే నాకెంత ముద్దొచ్చాడో చెప్పలేను.

అంతలో తలుపు కొట్టి సూడాన్ ఆవిడ వచ్చింది. వాళ్ళది పై అంతస్తు. ఖర్తూం మనిషి, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. అక్కా ఆవిడా ఒకరి భాష ఒకరికి రాకుండానే ఏళ్ళ తరబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్న మా అలవాటు ఆవిడకూ పట్టుకుంది. ఆ రోజు అక్క గిన్నె నిండా ఖర్జూరాలు తెచ్చింది. కెనడాలో ఆశ్రయం కోసం ఇక్కణ్ణుంచే నిజంగా దరఖాస్తు పెట్టుకున్న కుటుంబం వాళ్ళది.

అక్కకు వెంటనే తట్టింది. "ఒసేయ్, ఈవిణ్ణడగవే. వాళ్ళనేమడిగారో, ఈవిడెలా చెప్పిందో."

నాకు సిగ్గేసింది. అయినా అడిగాను. క్లినిక్ పుణ్యమా అని నాకు అరబ్బీ బాగానే వచ్చు. మేం చేస్తున్న నిర్వాకం దాచకుండా చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. కూర్చుని, పిల్లను పక్కకు లాక్కుని, దాని జడ సవరిస్తూ చెప్పింది. "మీ ఊరు తిరిగి వెళ్తే ఎవరుంటారు అని అడిగారు. ఎవరూ లేరని చెప్పాను. యుద్ధం మొదలయ్యాక మా అన్న రొట్టెల కోసం బయటికెళ్ళి తిరిగి రాలేదు. ఇల్లు కాలిపోయింది. మా వీధివాళ్ళు ఎవరెక్కడున్నారో తెలియదు."

ఆ ఇంటర్వ్యూ అయ్యాక రెండు రంజాన్‌లు గడిచాయట, ఇంకా జవాబు రాలేదు. ఛాన్సులెలా ఉన్నాయో అడగమంది అక్క. అంతా దేవుడి దయ అన్నట్టు ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది.

తర్వాత బావ వైపు తిరిగింది. ఆయనకు సాయం చేద్దామనే. "నువ్వు చెప్పు, అన్నయ్యా. మీ ఊరు వెళ్తే ఎవరుంటారు?"

నేను తెలుగులో చెప్పేలోపే బావకు అర్థమైపోయింది. ఆయనకు వచ్చిన ముక్కల అరబ్బీలో, రానిచోట చేతులతో, మొదలుపెట్టాడు. అన్నయ్య స్టేషన్‌కొస్తాడు, వద్దన్నా వస్తాడు. వదిన చేపల పులుసు పెట్టి ఉంచుతుంది. పక్కింటి మాస్టారు రాత్రికి తన ఇంటికి భోజనానికి రమ్మని గొడవ చేస్తారు. చిన్నప్పటి స్నేహితులు అరుగు మీద కూర్చుని లేవరు. "కుల్లు నఫర్ జేన్," అన్నాడు మొహమంతా నవ్వు చేసుకుని. అందరూ మంచోళ్ళే.

ఆవిడ పిల్ల జడ వదిలేసి, నోరు కొంచెం తెరుచుకుని వింటోంది. బావ ఆగగానే, "ఇంకా?" అంది. "ఇంకా ఎవరొస్తారు?"

బావ ఆవిడ వంక చూడలేక తల దించుకున్నాడు. లేచి ఫోన్ తీసి, మా అందరి ముందే సలహాదారుకు చేశాడు. "కథ బాలేదని కాదండి, మీరు చక్కగానే చెప్పారు. కానీ మమ్మల్ని చంపేవాళ్ళెవరూ లేరండి. మేం రావట్లేదండి. ఏవనుకోకండి."

"మరి పిల్ల సంగతేంటండీ?" అని అక్క లేచింది.

"చదివిద్దాం. నేను ఏసీలు బాగుచేత్తాను, ఫ్యాన్లు బాగుచేత్తాను, ఏదో ఒకటి చేత్తాను. ఇక్కడ ఇదుగో, ఈ తల్లి నిజం చెప్పి కూర్చుంది. ఆ వరసలో మనం అబద్ధం పట్టుకుని నిలబడతామా? నా వల్ల కాదే."

మా బావ గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా పెంచలేదు. కానీ ఇక దానికి తిరుగు లేదని అక్కకు తెలిసిపోయింది. కుర్చీలో కూలబడి భోరుమంది. "మనల్ని చంపేవాళ్ళు లేరంటే నాకింత ఏడుపొత్తందేంటే?" అని నన్నే అడిగింది. నాకూ అలాగే ఉంది. ఎదురు తలుపు రేపోమాపో ఇంకెవరిదో అవుతుంది.

సూడాన్ ఆవిడకు మా తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు. కంగారుగా నా చెయ్యి పట్టుకుని, "ఏమైంది? ఎందుకేడుస్తోంది?" అంది.

"ఇంటికి వెళ్ళిపోతున్నారు," అన్నాను.

"ఇంటికా?" అంది. లేచి అక్కను గట్టిగా కావలించుకుంది. "మబ్రూక్," అంది. పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ శుభాకాంక్షలు చెప్పే మాట అది. "మబ్రూక్, యా ఉఖ్తీ, మబ్రూక్," అని, అక్కను తోబుట్టువుగా పిలుస్తూ, వీపు నిమురుతూ మళ్ళీ మళ్ళీ అంది. మనసారా అంది. ఆవిడ కూడా ఏడుస్తోందని మాకు కాసేపటికి గానీ తెలియలేదు.