పాప నుదుటి మీద నా చెయ్యి

మొగుడు పోయిన ఆడది ఇంకొకరికి బొట్టు పెట్టకూడదని చిత్తూరు దగ్గర మా ఐరాల పక్క ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. నేర్పకుండానే చెయ్యి వెనక్కి పోతుంది. నా కూతురు ఎం.బి.ఏ. చదవడానికి తిరుపతికి బయలుదేరిన రోజు కూడా నేను ఆవుల కొట్టం దగ్గరే నిలబడ్డాను. మా తోడికోడలు బొట్టు పెట్టి సాగనంపింది.

సీటు వచ్చింది క్రైస్తవ సిస్టర్లు నడిపే కాలేజీలో. ఆ మాట వినగానే మా బావ, అంటే నా మొగుడి అన్న, మంచం మీద లేచి కూర్చున్నాడు. మా సేద్యం చేసిపెట్టేది, మంచీ చెడ్డా చూసేది ఆయనే.

"అమ్మేదీ కొనేదీ నేర్సుకునేదానికి కాలేజీ యాల? బెల్లం మండీలో నా పక్కన నాలుగు దినాలు కూసుంటే సాలదా?" అని నవ్వాడు. మళ్ళీ నవ్వు ఆపి, "సదవనీ, నేను వద్దనను. కానీ పాప మొగంలో బొట్టు పోయిందో, ఆ దినమే పెట్టె సర్దుకోని నా ఎనక రావాల," అన్నాడు.

పాప తలూపింది. నాకు మాత్రం ఆ రోజు పట్టుకున్న భయం మళ్ళీ వదల్లేదు.

కొన్నాళ్ళకు పిల్లల తల్లిదండ్రుల్ని మీటింగుకు రమ్మంటే బావా నేనూ పోయాం. హాస్టల్లోకి మగవాళ్ళను రానివ్వరు. "పోమ్మా, పాపను పిల్సుకోని రా. నేనీడనే ఉంటా," అని ఆయన గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు.

లోపలికి పోతుంటే కాలేజీ చర్చిలోంచి ఆడపిల్లలు బయటికి వస్తున్నారు. అందులో మా పాప. నుదురు బోడిగా ఉంది.

బావ మాట నాకు తర్వాత గుర్తొచ్చింది. అద్దంలో నేను దినమూ చూసే నుదురు అది. నా నుదురే ఎదురుగా నడిచి వస్తున్నట్టుంది. దాని చెయ్యి పట్టుకుని రూములోకి ఈడ్చుకుపోయాను.

"ఎవురు తీయమన్నారు మే?"

"ఎవురూ తీయమన్లేదు మా. ప్రార్థనకు రమ్మని గూడా ఎవురూ పిల్సలేదు. క్లాసులో లేసి నిలబడి ఇంగ్లీషులో మాట్లాడమంటారు. నాకు నోరెండిపోతాది. ఆడ కాసేపు కూసుంటే బయం తగ్గుతాది."

"కూసో. బొట్టేం జేసింది?"

"ఏమో. తీసేసి కూసోవాలనిపించింది."

ఆ "ఏమో" నన్ను చంపింది. ఎవరో తీయించారంటే పోయి వాళ్ళతో తగాదా పడుదును. ఇప్పుడు ఎవరితో పడేది?

బొట్టు బిళ్ళలు అద్దానికి అంటించి ఉన్నాయి. "పెద్నాయన గేటుకాడ ఉండాడు. బిన్నా పెట్టుకో, ఆలస్యం సేయొద్దు," అన్నాను.

"ఆయన కోసం పెట్టుకుంటే యాసం కట్టినట్టుంటాది. నేను పెట్టుకోను. నువ్వు పెట్టు, ఉంచుకుంటా."

"నేనా? నోర్ముయ్యి. అవేం మాటలే!"

"నువ్వు అన్నం పెడితే తింటా గదా మా. జడేస్తే ఏయించుకుంటా గదా. ఈ చెయ్యే గదా అది?"

బయట ఎవరో పిల్ల మా బావ అడుగుతున్నాడని కేకేసింది. పెట్టకపోతే దాని చదువు ఈ పూటతో సరి. పెడితే... ఆ మాట నోటికి రాకూడదు. అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. నా మొగుడు నేనిచ్చిన కాఫీ తాగి, మోటారు వేయడానికి పోయి, కరెంటు కొట్టి పోయాడు. ఈ చెయ్యి మంచిది కాదని ఊళ్ళో ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

బిళ్ళ తీశాను. అది వేలికి అంటుకుని వదలదు. కళ్ళు మూసుకుని నొక్కాను. తెరిచి చూస్తే ఒక పక్కకు పోయి ఉంది. పాప అద్దంలో చూసుకుంది గానీ సరిచేసుకోలేదు.

గేటు దగ్గర బావ దాని మొహం చూశాడు. "ఏం పాపా, బొట్టు వంకర పోయింది? సదువు ఎక్కువైందా?"

"అమ్మ పెట్టింది పెద్నాయనా."

బావ నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళలో కూడా భయమే ఉంది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మీటింగు యాడ?" అని మాత్రం అడిగాడు.

పెట్టె సర్దుకోమనలేదు. చిత్తూరులో బస్సు దిగేటప్పుడు, "మీ అక్కకు సెప్పొద్దు," అన్నాడు. మీ అక్క అంటే మా తోడికోడలు.

చదువు సాగుతూనే ఉంది. పాలు పిండేటప్పుడు ఫోను మోగితే చాలు, హాస్టల్ నుంచేమోనని నా చేతులు ఆగిపోతాయి.

సెలవులైపోయి తిరిగి పోయేటప్పుడు పాప మా తోడికోడలి చేత కుంకుమ పెట్టించుకుంది. తర్వాత కొట్టం దగ్గరికొచ్చి, నా వేలు పట్టుకుని, ఆ బొట్టు మీదే అద్దుకుంది. బావ చూడనట్టు ఆవుల వైపు తిరిగాడు.

బస్సు మలుపు తిరిగేదాకా ఆ వేలును కొంగులో మూసి పట్టుకున్నాను.